పైన వదిన, కింద వదిన

మా నాన్న కంప్యూటర్లు బాగుచేస్తారు. యంత్రం ఎంత మొరాయించినా ఓపికగా ఉంటారు. మనిషి అదే మాట రెండోసారి అడిగితే మాత్రం అంతెత్తున లేస్తారు.

పక్కవీధిలో ప్రింటింగ్ షాపు నడిపే ఇద్దరు ఆడవాళ్ళకు ఉన్నది ఒకటే కంప్యూటర్. ఒకావిడ టైపింగుకు వాడే ఫాంట్లు పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప పనిచేయవు. ఆవిడ ఆడపడుచుకు బొమ్మల పనికి కొత్తది కావాలి. నాన్న రెండూ అందులోనే ఎక్కించారు. స్విచ్ వేయగానే తెరమీద లిస్టు వస్తుంది, కావలసింది ఎంచుకోవాలి. పది సెకన్లలో ఎవరూ ఏదీ నొక్కకపోతే పైనున్నది దానంతటదే తెరుచుకుంటుంది.

అక్కడే పేచీ వచ్చింది. ఎవరిది పైన పెట్టాలి?

"నాది పెట్టండి అన్నయ్యా" అని ఇద్దరూ తలా నాలుగుసార్లు అనేసరికి నాన్నకు చిర్రెత్తుకొచ్చింది.

"ముందు పేర్లు రాయనివ్వండి! పాతది ఎవరిది?" అన్నారు, తెరమీంచి తల తిప్పకుండా.

"మా వదినది" అంది ఆడపడుచు.

నాన్న టైపు చేశారు. "కొత్తది?"

"మా వదినది" అంది టైపింగ్ ఆవిడ.

అదీ టైపు చేశారు.

మళ్ళీ ఆన్ చేస్తే తెరమీద పైన వదిన, కింద వదిన. ఇద్దరూ పడీపడీ నవ్వారు. మారుస్తానని నాన్న అంటే ఒప్పుకోలేదు.

"ఉండనివ్వండి అన్నయ్యా. ఎవరు పైనున్నా వదినే కదా!"

పేచీ తీరింది. కాకపోతే వారానికోసారి షాపు నుంచి ఫోన్ వస్తుంది.

"అన్నయ్యా, ఇంతకీ ఇందులో నేను ఏ వదినని?"

నాన్న ప్రతిసారీ ఓపిగ్గా చెబుతారు. తప్పు తనది మరి.