ఇంటర్వెల్ తర్వాతి వంటావిడ

గూఢచారి సినిమా ఎలా నడవాలో నాకు నేర్పింది మా అత్తగారు. ఆవిడ ఏ గూఢచారి సినిమానూ ఇంటర్వెల్ దాటి చూడలేదు. ఈ రెండు ముక్కలూ ఒకదానితో ఒకటి పొసగవని నాకూ తెలుసు. కానీ గౌలిపురలో నా కాపురం మొదటి రెండేళ్ళూ వాటి మధ్య నలిగినదాన్ని కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మా పుట్టిల్లు ఉప్పుగూడ. నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. నెలకోసారి మా అందరినీ సినిమాకు తీసుకెళ్ళి, పేర్లు పడటం దగ్గర్నుంచి చివర్లో జనగణమనకు లేచి నిలబడేదాకా చూపించేవాడు. పెళ్ళిచూపులప్పుడు మా వాళ్ళు మగపెళ్ళివారిని ఎన్ని బర్రెలున్నాయని అడిగారు. ఎనిమిదని చెప్పారు. పెళ్ళికొడుకు గురించి అంత శ్రద్ధగా అడిగినట్టు నాకు గుర్తులేదు. సినిమాల సంగతి నేనైనా అడగవలసింది, సిగ్గుపడుతూ కూచున్నాను. ఆ సిగ్గుకు తగిన శాస్తి జరిగింది.

కాపురానికి వచ్చిన నెల తిరక్కుండానే ఒక శుక్రవారం అత్తగారు నన్ను మాట్నీకి తయారవమంది. కోడలిని సినిమాకు తీసుకెళ్ళే అత్త దొరికిందని ఉప్పుగూడంతా చాటాలనిపించింది. రిక్షా ఎక్కి నయాపూల్ వంతెన అవతలి టాకీసుకు వెళ్ళాం, ఆడవాళ్ళ క్లాసులో ఫ్యాను కింద చోటు పట్టుకున్నాం. తెర మీద ఎవరో సైంటిస్టును ఎత్తుకుపోయారు. ఆయనతోపాటు వేలెడంత ఫిల్ము చుట్ట కూడా పోయింది. అది దొరక్కపోతే దేశం మునిగిపోతుందట. హీరో మండుటెండలో కోటు, టై, నల్లకళ్ళద్దాలతో దాన్ని వెతుకుతున్నాడు. ఆఫీసులో నలుగురు మనుషులున్నారు, వాళ్ళలో ఒకడు ద్రోహి. చివరికి రెండు కొండల మధ్య వేలాడే పెట్టెలో హీరో పోతుంటే ఎవడో తాడు కోయడం మొదలుపెట్టాడు. ఒక్క పోగు మిగిలింది. దీపాలు వెలిగాయి.

జనం సమోసాల కోసం బయటికి పరిగెత్తారు. మా అత్తగారు కొంగు బిగించుకుని లేచింది.

“లే పిల్లా, పోదాం. బర్రెలకు యాల్లయింది.”

పరాచికమాడుతోందనుకున్నాను. ఇంకా సగం ఉంది కదా అత్తమ్మా అన్నాను.

“ఆ సగంల మన బర్రెలకు వాళ్ళు పాలు పిండుతరా?” అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

అసలు సంగతి రిక్షాలో తెలిసింది. బర్రె ఎవరికి పడితే వారికి పాలివ్వదు. ముందు అది చేపాలి, అంటే పొదుగులోకి పాలు దించాలి. దించడమా మానడమా అనేది దాని ఇష్టం. మా ఎనిమిదింట్లో నాలుగు అత్తగారి చేతికి తప్ప చేపవు. మా ఆయన కూచుంటే కాలితో తన్నేవి. ఆయన విషయంలో వాటి తెలివిని నేను తర్వాత చాలాసార్లు మెచ్చుకున్నాను. పిండే వేళ సాయంత్రం నాలుగున్నర. మాట్నీ ఇంటర్వెల్ నాలుగుకు. ఉదయం ఆట వేళకు వంట, బర్రెల కడుగుడు. సాయంత్రం ఆట వేళకు వాకిట్లో చెంబులు పట్టుకుని నిలబడే జనానికి పాలు కొలవాలి. కాబట్టి పాతికేళ్ళుగా ఆవిడ చూసినవన్నీ సగం సినిమాలే.

ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంతకుముందు ఆవిడ ఒక్కతే వెళ్ళేది. మామగారికి ఆవిడ ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో పట్టేది కాదు, పాలు పిండటానికి వస్తే చాలు.

మర్నాడు శనివారం మధ్యాహ్నం మా వాకిట్లోకి గల్లీలోని ఆడవాళ్ళు పదిమంది వచ్చి కూచున్నారు. పేడ ముద్ద చేసి గోడకు పిడకలు కొట్టే పని అందరిదీ. కథ చెప్పే పని అత్తగారిది. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి సినిమాకు పోవడానికి ఇంట్లో ఒప్పుకునేవాళ్ళు కారు. ఆవిడ మొదటి సగం కళ్ళకు కట్టినట్టు చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. తాడు దగ్గరికి వచ్చింది. ఇక ఆపుతుందనుకున్నాను. ఊపిరైనా పీల్చుకోకుండా ఇంటర్వెల్ దాటేసింది. హీరో కింద పడ్డాడు, పడ్డచోట గడ్డివాము ఉంది, ద్రోహి నలుగురిలో ఒకడు కాదు, హీరో సొంత బావమరిది. నా చేతిలో పిడక జారి కాలి మీద పడింది. ఒట్టేసి చెప్తున్నాను, మా అత్తగారు పాలల్లో చుక్క నీళ్ళు కలిపిన మనిషి కాదు. కలపడమంతా కథలోనే.

అలా రెండేళ్ళు నడిచింది. నేను చూసిన ప్రతి హీరో ఏదో ఒకదానికి వేలాడుతూనే ఆగిపోయాడు. ఒకడు మొసళ్ళ మడుగు మీద, ఒకడు మిద్దె అంచున, ఒకడు రైలు కింద. రాత్రి పడుకుంటే నాకు వాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు, పక్కనున్న మా ఆయన కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. పాల ఇల్లు కదా, దుత్తలకు కరువులేదు. ఒకటి రెండు పగిలాయి కూడా.

ఓ సాయంత్రం ఉక్రోషం పట్టలేక అడిగాను, చూడని సగాన్ని గుండెలు తీసిన బంటులా ఎలా చెప్తావని. ఆవిడ చేతులు ఆపలేదు. బకెట్టులో పాలధార మోత మధ్యే చెప్పింది.

“జూసుడెందుకే? మొదటి సగంలనే అంత ఉంటది. దుడ్డెను ఇడుస్తరు. అది రెండు గుక్కలు తాగంగనే బర్రె సేపుతది. అప్పుడు దుడ్డెను గుంజి కట్టేస్తరు. గదే ఇంటర్వెల్. ఇగ పిండుకునుడే మిగుల్తది.”

మరి ప్రతి సినిమాలోనూ పోయే ఆ ఫిల్ము చుట్ట సంగతేంది అన్నాను. ఆవిడ గడ్డంతో మూలకు చూపించింది. అక్కడ మా ముసలి బర్రె ముందు చచ్చిపోయిన దుడ్డె తోలులో గడ్డి కుక్కి కుట్టిన బొమ్మ నిలబెట్టి ఉంది. దాన్ని నాకుతూ బర్రె కమ్మగా చేపుతోంది.

“గదే ఇది. లోపట గడ్డి తప్ప ఏం లేదు. బర్రె నమ్మితే సాలు.”

సినిమా కథలు ఎలా అల్లాలో చెప్పే వ్యాసాలు తర్వాత్తర్వాత పత్రికల్లో చాలా చదివాను. మా మూలనున్న గడ్డిదుడ్డెను దాటి ఎవరూ వెళ్ళినట్టు కనబడలేదు.

ఇక వంటావిడ సంగతి. అదొక కొత్త సినిమా. విలన్‌కు కొండ లోపల పెద్ద అడ్డా ఉంది. మీట నొక్కితే గోడ తెరుచుకుంటుంది, కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది, ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న మనుషులు యాభైమంది తుపాకులతో అటూ ఇటూ పరిగెడుతుంటారు. ఎందుకు పరిగెడతారో ఎవరికీ తెలియదు. ఆ అడ్డా ఎక్కడుందో హీరోకు అంతుబట్టక తల పట్టుకుంటే ఇంటర్వెల్ పడింది. రిక్షాలో అత్తగారు వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసింది. మర్నాడు వాకిట్లో తేల్చేసింది. యాభైమంది తింటారా తినరా? వాళ్ళకు రొట్టెలు ఎవరు కొడుతున్నారు? పిండి ఏ దుకాణం నుంచి పోతోంది? హీరో పిండి బండి వెంట పడ్డాడు, అది తిన్నగా కొండ దగ్గరికి తీసుకెళ్ళింది. లోపల ఒక వంటావిడ, మొగుడు పోయిన మనిషి, పొద్దస్తమానం యాభైమందికి వండి పెడుతోంది. వాళ్ళలో ఒక్కడు కూడా ఏనాడూ తిన్నావా అని అడగలేదట. హీరో అడిగాడు. ఆవిడ తాళంచెవుల గుత్తి తీసి చేతిలో పెట్టింది.

వాకిట్లో ఇద్దరు కళ్ళొత్తుకున్నారు. అప్పుడు మా కొత్త కిరాయిదారు గొంతు సవరించుకుంది. ఆమె భర్త కరెంటాఫీసులో గుమాస్తా, వచ్చి పదిహేను రోజులైంది. చెడ్డ మనిషేం కాదు, అబద్ధం వింటే ఒళ్ళంతా దద్దుర్లెక్కే రకం.

“పెద్దమ్మా, ఆ సిన్మ మేం పోయిన ఆదివారం జూసినం. దాంట్ల వంటామె లేదు. విమానంలకెల్లి బాంబులేసి అడ్డాను పేల్చిన్రు.”

పిడకలు కొట్టే చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ నావైపు చూశారు. ఆవిడతో టాకీసుకు పోయేది నేనే కదా, సాక్షిని నేనే.

నా రెండేళ్ళ కడుపుమంటకు అదే అదను. ఒక్క మాట చాలు. మేం ఇంటర్వెల్‌కే లేచి వచ్చేస్తాం అంటే సరిపోయేది. అది నాలుక చివరి దాకా వచ్చింది కూడా, దాచను. అత్తగారు నావైపు చూడలేదు. చేతిలో ఉన్న ముద్దనే తట్టింది, తట్టింది, అది రొట్టెలా పలచబడిపోయేదాకా తట్టింది. ఇంట్లో ఆవిడ మాటకు విలువిచ్చేవి బర్రెలు మాత్రమే. మామగారు బర్రెను కొన్నా అమ్మినా ఆవిడను అడిగేవాడు కాదు. కొడుకు తల్లి చెప్పేది సగం వినే సైకిలెక్కేవాడు. మనుషులు ఆవిడ నోటివైపు చూసేది వారానికి ఈ ఒక్క పూట. అది ఇప్పుడు నా నాలుక మీదుంది. నాకు భయం వేసింది, జాలి కూడా వేసింది, ఒళ్ళు మండింది కూడా.

“వంటామె ఉన్నది” అన్నాను. “తెల్లచీర కట్టింది. ఎడమ చేతికి కాలిన మచ్చ. ఆదివారం రష్ ఉంటది కదా వదినా, మీ టాకీసోళ్ళు రీలు కట్ చేసి తొందరగ ఇడిసిపెట్టిన్రేమో.”

పదిమందీ ఒక్కసారిగా తలలూపారు. టాకీసులవాళ్ళు రీళ్ళు మింగుతారని అందరికీ ముందునుంచే అనుమానం. కిరాయిదారు ఆలోచనలో పడింది. ఆ టాకీసు మీద అర్జీ రాయమని ఆ సాయంత్రం మొగుడి ప్రాణం తీసిందట.

అత్తగారు పిడకను గోడకు కొట్టి, చేతులు దులుపుకుని నన్ను కసిరింది. “ఎడమ చెయ్యి కాదే, కుడి చెయ్యి. సక్కగ జూడవు.”

ఇంటికి సంబంధించినంతవరకు ఆ విషయం అంతటితో సరి. ఆవిడ మెచ్చుకోలేదు, నేను ఎత్తలేదు. మరుసటి శుక్రవారం ఇంటర్వెల్‌కు నేను అలవాటుగా లేవబోతే ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. “నువ్వు కూసో” అని తను వెళ్ళిపోయింది.

రెండేళ్ళ తర్వాత దక్కిన రెండో సగం. ఎంతో ఆశగా చూశాను. పడవల మీద తరుముకున్నారు, తర్వాత కొట్టుకున్నారు, తర్వాత ఇంకా కొట్టుకున్నారు, ఫిల్ము చుట్ట సముద్రంలో పడిపోయింది, హీరో హీరోయిన్ నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక అత్తగారు ఏమైందని అడగలేదు. మర్నాడు వాకిట్లో తన ముగింపే చెప్పింది, అందులోకి కూడా వంటావిడ వచ్చింది. వింటూ కూచున్న నాకు నిన్న కళ్ళారా చూసి వచ్చింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఆవిడ లేచి వెళ్ళేది, నేను ఉండిపోయేదాన్ని. ముగింపు గురించి ఆవిడ ఏనాడూ అడగలేదు.

పంతొమ్మిది వందల ఎనభైల్లోకి వచ్చేసరికి మా గల్లీలో బర్రెకు చోటు లేకుండాపోయింది. గడ్డి బండి లోపలికి రాదు, పేడ వేయడానికి జాగా లేదు, పక్కింటివాళ్ళకు వాసన పడదు. మామగారు పోయారు. మా ఆయనకు బస్సు డిపోలో పని దొరికింది. ఎనిమిది బర్రెలు ఐదయ్యాయి, రెండయ్యాయి, ఒకటి మిగిలింది. ఆ ఒక్కటీ అత్తగారి చేతికి తప్ప చేపదు. కొన్నవాడు దాన్ని తోలుకుపోతుంటే ఆవిడ గల్లీ చివరిదాకా వెంట నడిచి, ముందు మెడ కింద గోకు, తర్వాత కూసో, తొందర పెట్టకు అని పదిసార్లు చెప్పింది. వాడు సరే సరే అంటూనే ఉన్నాడు, వినలేదు. ఆ తర్వాత చాలా రోజులు సాయంత్రం నాలుగున్నర కాగానే ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి గడపలో కూచునేది. చూడలేకపోయేదాన్ని.

అందుకే మాట్నీకి తీసుకెళ్ళాను. ఇంటర్వెల్ దీపాలు వెలగ్గానే ఆవిడ కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. ఇంటికాడ ఎవలున్నరని, కూసో అత్తమ్మా అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆవిడ కూచుంది. జీవితంలో మొదటిసారి రెండో సగం చూసింది, రెప్ప వేయకుండా చూసింది.

శనివారం వాకిట్లో చూసింది చూసినట్టు చెప్పింది. బాంబులు, పడవలు, కొట్టుకోవడం. ఆడవాళ్ళు మర్యాదకు విన్నారు. ఒకామె, మరి వంటామె ఏమాయె అని అడిగింది.

“లేదు” అంది అత్తగారు.

ఆ రోజు అందరూ పెందరాళే లేచి వెళ్ళారు. ఖాళీ వాకిలి ఊడుస్తూ ఆవిడ నాతో అంది, “జూసినంక చెప్పెతందుకు ఏముంటదే.”

మళ్ళీ శుక్రవారం. హీరో గడియారపు ముల్లు పట్టుకుని వేలాడుతున్నాడు. దీపాలు వెలిగాయి. ఆవిడ కొంగు బిగించుకుని లేచింది.

“లే పిల్లా, పోదాం.”

నాకప్పటికి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లిని. “బర్రెలు లేవు కదా అత్తమ్మా” అన్నాను మెల్లగా.

“నాకెరుక లేదా? మిగిలింది నేను జూసుకుంట.”

లేచాను. సమోసాల గుంపులోంచి బయటపడి రిక్షా ఎక్కాం. బండి నయాపూల్ ఎక్కేసరికి వంటావిడ పిండి కలపడం మొదలుపెట్టింది.