సీతాఫలం గుబ్బ మేకు

మేకు చెయ్యడమంటే కొట్టడమే. సోఫా అంచున వరసగా మెరిసే గుబ్బ మేకుల్ని చూసి జనం ముచ్చటపడతారు గానీ ఆ ముచ్చట వెనకున్నదంతా దెబ్బలే. ఇత్తడి రేకుని ప్రెస్సు కింద పెట్టి కొడితే బిళ్ళ ఊడుతుంది. ఆ బిళ్ళని అచ్చులో పెట్టి కొడితే గుబ్బవుతుంది. గుబ్బలో ఒక మామూలు ఇనప మేకు పెట్టి, అంచులు లోపలికి మడిచి ఇంకో దెబ్బ వేస్తే అది గుబ్బ మేకు. ఇంత చేశాక కొనుక్కున్నవాడు మళ్ళీ సుత్తి తీసుకుని దాని బుర్ర మీద కొడతాడు. ఇరవయ్యేళ్ళుగా నేను బతుకుతున్నది ఈ పని మీదే. నా ఎడమ చూపుడువేలి కొస మొదటి ఏడాదే ప్రెస్సు తినేసింది. అప్పుడు నేను ఏడవలేదు. ప్రెస్సుని బూతులు తిట్టి, కాలితో తన్ని, బొటనవేలి గోరు కూడా ఊడగొట్టుకున్నాను.

నాకు కోపం ఎక్కువ. అది మా నాన్న ఇచ్చిన ఆస్తి. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ, దుర్గ్ పక్కనున్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి మాట కంటే ముందు చెయ్యి వచ్చేది. కూరలో ఉప్పు తక్కువైతే కంచం గోడకి తగిలేది. అమ్మని కొట్టేవాడు, మమ్మల్ని కొట్టేవాడు, స్టార్టవ్వకపోతే స్కూటర్ని కూడా కొట్టేవాడు. ఆయన పోయాక ఆ చెయ్యి నాకు వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన నా తమ్ముడికి మాత్రం అమ్మ నవ్వు వచ్చింది. వాడు దెబ్బ తిని కూడా నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాన్నకి ఇంకో దెబ్బ వెయ్యాలనిపించేదట. నాకూ అలాగే అనిపించేది.

దుర్గ్‌లో ఒక దుకాణదారు నా మేకుల్ని వేళ్ళతో తిప్పి చూసి, ఫేక్టరీ మాలు ఇంతకంటే బాగుంటుంది దీదీ అన్నాడు. మేకుల డబ్బా ఆయన బల్ల మీద బోర్లించి వచ్చేశాను. ఒకటి ఆయన అరచేతిలో దిగిందని తర్వాత తెలిసింది. తమ్ముడు వెళ్ళి కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని వచ్చాడు. మా వ్యాపారం అలా నడిచేది. నేను పాడుచేసేదాన్ని, వాడు బాగుచేసేవాడు.

రుఆబాంధా దాటాక మాకో రేకుల షెడ్డు ఉంది. వెనక సగంలో నా ప్రెస్సు, ముందు సగంలో వాడి సోఫా పని. పక్కనే ఇల్లు. నేను పెళ్ళి చేసుకోలేదు. కుదరలేదని కొందరూ, కుదరనివ్వలేదని కొందరూ అంటారు. రెండోదే నిజం. తమ్ముడూ మరదలూ నేనూ ఒకే పొయ్యి మీద వండుకు తింటాం.

సోఫా పనివాళ్ళు మేకుల్ని నోట్లో పెట్టుకుంటారు. ఒక చెయ్యి బట్టని బిగలాగి పట్టుకోవాలి, ఇంకో చేతిలో సుత్తి ఉంటుంది, ఇక మిగిలింది నోరే. బుగ్గలో అయిదారు మేకులు ఉంచుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ బుర్ర బయటికి వచ్చేలా తిప్పి పెదాల మధ్యకి తెస్తారు. సుత్తి మొహానికి అయస్కాంతం ఉంటుంది. దాన్ని పెదాలకి తాకిస్తే గుబ్బలోపలి ఇనుము వల్ల మేకు అతుక్కుంటుంది, అట్నుంచి అటే బట్టలోకి దిగుతుంది. తమ్ముడి వేగం చూస్తే ఎవరైనా నోరు తెరవాల్సిందే. ఒకసారి ఎవరో జోకు వేస్తే వాడికి పొలమారి ప్రాణం మీదికి వచ్చింది. ఆ రోజే షెడ్డులో నేనొక రూలు పెట్టాను. వాడి నోట్లో మేకులుండగా ఎవరూ వాడితో మాట్లాడకూడదు, వాణ్ణి నవ్వించకూడదు, వెనకనుంచి ముట్టుకోకూడదు. రూలు పెట్టింది నేనే అని మరోసారి చెబుతున్నాను.

కిందటి చలికాలం నందిని రోడ్డు మీద ఊరి ఆడవాళ్ళు సీతాఫలాలు తట్టల్లో పెట్టి అమ్ముతుంటే నాలుగు కొన్నాను. ఇంటికొచ్చి ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే, గుండ్రటి ఒంటి మీద ఆ కణుపులు ఎంత పద్ధతిగా సర్దుకున్నాయో అర్థమైంది. నడినెత్తిన చిన్నవి, కిందికి వచ్చేకొద్దీ పెద్దవి, ఒక్కటి కూడా పక్కదాన్ని తొయ్యడం లేదు. ఈ గుబ్బ చెయ్యాలి అనుకున్నాను. తినడం కూడా మర్చిపోయాను.

గుబ్బ మీద బుడిపెలు రావాలంటే అచ్చు గుంటలో చిన్న చిన్న గుంటలు పడాలి. దానికోసం ఒక ఉక్కు శీల మొనని గుండ్రంగా అరగదీసి, అచ్చులో ఒక్కో గుంటా సుత్తితో కొట్టాను. ఒక్క దెబ్బ పక్కకి పోయినా అచ్చంతా పారెయ్యాల్సిందే. మూడు పాడయ్యాయి. నాలుగోది ఆఖరి వరసలో చెడింది. దాన్ని గోడకేసి కొడితే రేకుకి బెజ్జం పడింది. అయిదోది కుదిరింది. కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, మొదటి మేకు చేసి వెలుగులోకి పట్టుకుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. నా చేత్తో అంత అందమైనదేదీ అంతకుముందు చెయ్యలేదు.

ఆ మేకులు మొదట వెళ్ళింది ఒక పెళ్ళి హాలు వాళ్ళ కుర్చీలకి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే రాజుగారి మార్కు కుర్చీలు రెండు, ఎర్ర వెల్వెట్ గుడ్డ, చుట్టూ నా సీతాఫలాలు. తమ్ముడే కొట్టాడు. బుడిపెలు నలక్కుండా సుత్తికి తోలు తొడిగి మరీ కొట్టాడు. హాలు యజమాని చూసి భలే అన్నాడు. నేను రెండు రోజులు ఎవరి మీదా అరవలేదని మరదలు అందరికీ చెప్పుకుంది.

తర్వాతి ఆదివారం నందినిలో బంధువుల గృహప్రవేశానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. సోమవారం పొద్దున్న తిరిగొచ్చి షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆ రెండు కుర్చీలూ మళ్ళీ మా దగ్గరే ఉన్నాయి. నా సీతాఫలం మేకులు వంకర్లు పోయి నేల మీద కుప్పగా పడున్నాయి. పళ్ళెంలో కొత్త మేకులు, అదే సైజు, బోడిగుండంత నున్నగా. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, ఆ సైజు అచ్చు మా దగ్గర ఇంకోటి లేదు. ప్రెస్సు దగ్గరికెళ్ళి నా అచ్చు తీసి గుంటలో వేలు పెట్టాను. నేను కొట్టిన చిన్న గుంటలేవీ తగల్లేదు. ఎవరో చేతి గ్రైండరుకి ఉండలాంటి సానరాయి తగిలించి లోపలంతా తిప్పేశారు.

ఎవరో ఏమిటి, షెడ్డులో ఉన్నది వాడొక్కడే. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాకు వీపు పెట్టి మేకులు కొడుతున్నాడు. అచ్చు పట్టుకుని వెళ్ళి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"ఏటిది?" అన్నాను.

నోటినిండా మేకులున్నాయి, మాట్లాడలేడు. ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తి, నవ్వాడు.

కోపంలో ఒళ్ళు తెలీదంటారు. నాకు బాగా తెలిసింది. అచ్చు నా కుడిచేతిలో ఉంది. కింద పడితే దాని అంచు చెడుతుందని దాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాను. వాడి పెదాల మధ్య మెరుస్తున్న మేకు బుర్రని చూశాను. చూసే కొట్టాను. నాన్న కొట్టినట్టు, భుజం దగ్గర్నుంచి చెయ్యి తిప్పి, బుగ్గ మీద.

ఆ చప్పుడు ప్రెస్సు చప్పుడులాగే ఉంది. వాడు పక్కకి ఒరిగి, కుర్చీ కోడు పట్టుకుని దగ్గడం మొదలెట్టాడు. నెత్తురూ మేకులూ కలిసి నేల మీద పడ్డాయి. గొంతు పట్టుకుని కళ్ళు తేలేశాడు. నేను వాడి వీపు మీద చరిచాను, మళ్ళీ అదే చేత్తో. ఊపిరి వచ్చింది. నోరు తెరిచి చూస్తే ఒక మేకు బుగ్గలో లోపలివైపు నిలువునా దిగి ఉంది. పటకారుతో పట్టి లాగాను. వాడు అరిచిన అరుపుకి మరదలు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఎన్నెట్టుకున్నావు నోట్లో?" అన్నాను.

వాడు ఆరు వేళ్ళు చూపించాడు. నేల మీద మూడు, వెల్వెట్ మడతలో ఒకటి, నా పటకారులో ఒకటి. సుత్తి అయస్కాంతంతో నేలంతా తుడిచాను. కుర్చీ కిందా, వాడి చొక్కా జేబులో, నా చెప్పుల కింద కూడా వెతికాను. ఆరోది లేదు.

మరదలు వాడి తలని తన ఒళ్ళో పెట్టుకుని నా వంక చూసింది. "వదినా, నోట్లో మేకులున్న మనిసిని కొట్టడానికి నీకు సెయ్యెలా వొచ్చింది?" అంది. ఆమె అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, నాకు తేలికయ్యేది.

వ్యానులో దుర్గ్ తీసుకెళ్ళాం. నేనే నడిపాను. దారిలో వాడు నెత్తురు మింగుతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదటి పెళ్ళిలోనే నా బుడిపెలు పెళ్ళికూతురు పట్టుచీర పోగులు లాగేశాయట. కుర్చీలోంచి లేవబోతే చెంగు చిరిగి, పెళ్ళికూతురు తల్లి హాలు యజమాని మీద విరుచుకుపడిందట. సోమవారం సాయంత్రంలోగా మేకులు మార్చకపోతే కుర్చీలు మీరే ఉంచుకోండి అని ఆదివారం ఆయన పంపేశాడట.

"నాకు ఫోను సెయ్యలేకపోయావా?"

"సేస్తే ఒప్పుకుంతావేటప్పా?" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

ఒప్పుకునేదాన్ని కాదు. చీరలదే తప్పనేదాన్ని.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మేకు కడుపు దాటి పేగులోకి వెళ్ళిపోయింది, గొట్టం వేసి తీయడానికి అందదన్నారు. తిరుగుతూ దానంతట అది బయటికి రావాలి, లేదా ఎక్కడైనా మొన గుచ్చుకుంటే వెంటనే కొయ్యాలి. పేగుకి బెజ్జం పడితే మనిషి దక్కడం కష్టమని ఆ కుర్ర డాక్టరు హిందీలో ఏ దాపరికం లేకుండా చెప్పాడు. ఎలా మింగాడని అడిగాడు. తమ్ముడు, దగ్గొచ్చింది సార్ అన్నాడు. వాడి బుగ్గ మీద నా వేళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. డాక్టరు ఆ బుగ్గనీ, నా చేతినీ చూసి రాసుకున్నాడు.

అలాంటి మేకే ఒకటి కావాలన్నాడు. షెడ్డుకెళ్ళి పళ్ళెంలోది తెచ్చిచ్చాను. వేళ్ళ మధ్య దొర్లించి, "బుర్ర బరువుగా ఉంది, నున్నగానూ ఉంది, మంచిదే దీదీ. బుర్ర ముందు నడిస్తే మొన వెనక వస్తుంది. గుచ్చుకోకపోవచ్చు" అన్నాడు. నా తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా, బుడిపెలున్నదైనా గుచ్చుకోదండీ అని నోటి చివరిదాకా వచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఎక్స్‌రే తీశారు. మసక పొట్టలో నా మేకు తెల్లగా, స్పష్టంగా కనిపించేది. పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకో చోట. ఒక ఫిలింలో మొన ముందుకి తిరిగి ఉంది. ఆ రోజు మరదలు నాతో మాట్లాడడం పూర్తిగా మానేసింది. నేను వరండాలో కూర్చుని నా కుడిచేతిని తొడ కింద పెట్టుకున్నాను. వాడు చచ్చిపోతే ఈ చేత్తో ఏం చెయ్యాలి, వాడి పెళ్ళానికి అన్నం ఎలా వడ్డించాలి అని ఆలోచించాను. మా నాన్న ఇంతమందిని కొట్టి ఒక్కరోజైనా ఇలా కూర్చున్నాడా అని కూడా ఆలోచించాను. కూర్చోలేదు. ఆయన కొట్టి నిద్రపోయేవాడు.

నాలుగో రోజు పొద్దున మేకు బయటపడింది. మరదలు బేసినులో చూసి, నర్సుని పిలిచి, గోడకి తలానించి ఏడ్చింది. వాడు నన్ను చూసి నవ్వబోయాడు గానీ బుగ్గ లోపల కుట్లుండడంతో మూతి వంకర పోయింది.

ఇంటికొచ్చాక నేనే వాడి ముందు నిలబడ్డాను. మా ఇంట్లో క్షమించమని అడిగే అలవాటు లేదు. "కొట్టు నన్ను" అన్నాను. "గట్టిగా కొట్టు. నేనేటనుకోను."

"ఊరుకోప్పా, పిచ్చేటి?" అన్నాడు. "నీ అచ్చు నాను పాడుసేసాను. ఐపోయింది కదా."

అయిపోయిందనే నేనూ అనుకున్నాను. నున్నటి మేకులు పెళ్ళి హాలు వాళ్ళకి నచ్చాయి, ఇంకో ఆరు కుర్చీలు పంపారు. వాడి బుగ్గ మానింది. మూడు వారాలకి పనిలో కూర్చున్నాడు. ఎప్పటిలా గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు, సుత్తి ఎప్పటిలా పెదాలకీ బట్టకీ మధ్య ఆడింది. వెనక నా ప్రెస్సు దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

పదకొండింటికి టీ పెట్టి, నేనే గ్లాసు పట్టుకుని ముందు వైపుకి వెళ్ళాను. నా అడుగుల చప్పుడుకి సుత్తి ఆగింది. వాడు తల తిప్పి చూడలేదు. అరచెయ్యి నోటికింద పట్టి మేకులన్నీ అందులోకి ఉమ్మేసుకుని, గుప్పిట మూశాడు. ఆ తర్వాతే నా వైపు తిరిగి నవ్వాడు.

"టీ ఇద్దామనే ఒచ్చాన్రా" అన్నాను.

"తెలుసప్పా" అన్నాడు.

రెండో చేత్తో గ్లాసు అందుకుని టీ అంతా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. నేను తిరిగి నా ప్రెస్సు దగ్గరికి వెళ్ళేదాకా ఆ గుప్పిట విప్పలేదు.