తాత ఇచ్చేసిన పచ్చ చీటీ

టెక్కలిలో డిగ్రీ పిల్లలకి మనస్తత్వశాస్త్రం చెప్తాను. ప్రయోగ పద్ధతుల పాఠం వచ్చిన రోజు నాకు ఒళ్ళు మండుతుంది. పుస్తకంలో మాత్రం అంతా హాయిగా ఉంటుంది. మనుషుల్ని రెండు గుంపులు చెయ్యాలి. మనం పరీక్షించదలచుకున్నది ఒక గుంపుకి ఇవ్వాలి, రెండోదానికి ఇవ్వకూడదు, చివర్లో తేడా చూడాలి. ఆ రెండోదే కంట్రోల్ గ్రూపు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఆ గుంపులో పడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ లేదు. నేను చూశాను.

ఎమ్మే అయిన కొత్తలో ఒక సారు దగ్గర పనికి కుదిరాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాళ్ళ పక్కన వారానికోసారి కూర్చుని మాట్లాడితే వాళ్ళ దిగులు తగ్గుతుందా అన్నది ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే, ఇప్పటికీ కాదనను. బారువ దగ్గర మా అమ్మ పుట్టిన బెస్తవాడ నాకు అప్పగించారు. మాటలు చెప్పడానికి వేరే ఆవిడ ఉంది. నా పని రెండు గుంపులవాళ్ళనీ వారం వారం అవే ప్రశ్నలు అడిగి, దిగులు ఎంతుందో సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వేసుకోవడం. రెండో గుంపువాళ్ళతో అంతకు మించి ఒక్క మాట మాట్లాడకూడదు.

తుఫాను షెల్టర్ వరండాలో స్టీలు బిందెలో చీటీలు వేశాం. పచ్చ చీటీ వస్తే మాటలు, తెల్లది వస్తే వట్టి ప్రశ్నలు. మా అమ్మ పుట్టింటి పక్కింటి తాత, ముసలి మత్స్యకారుడు, పచ్చది తీశాడు. ఆయన వెనకే ఆయన బావమరిది. డయాలసిస్‌కి కొత్త, బిందెలో చెయ్యి పెట్టడానికే జంకాడు. తెల్లది వచ్చింది.

తాత తన చీటీ అతని చేతిలో కుక్కేశాడు. "నాకెందుకురా బావా. నాను సానా సూసినాను. నువ్వట్టుకెల్లు."

ఆ వాడలో అది కొత్తేం కాదు. వల ముందు ఎవరు వెయ్యాలని చీటీలు తీసుకున్నా, ఇంట్లో కష్టమున్నవాడికి తన వంతు ఇచ్చేయడం వాళ్ళ పద్ధతి. సారు ఫోన్లో ఉన్నారు. నేను చూశాను. ఆపాలి కదా! ఎవరికి ఎక్కువ అవసరమో మనుషులే పంచుకుంటే, చివర్లో కనబడ్డ తేడా మాటల వల్ల వచ్చిందో, ముందే ఉన్న తేడానో తేల్చలేం. చీటీ వేసేదే అందుకు. అంతా తెలిసీ, ఎంత మంచివాళ్ళో అని మురిసిపోయి, ఎవరి చేతిలో ఏ రంగుంటే ఆ రంగే రాసుకున్నాను.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యన తాటాకు దడి. దడికి అవతల మాటలు చెప్పే ఆవిడ బావమరిదితో కబుర్లు చెప్పేది, అతను నవ్వేవాడు. ఇవతల నేను తాతని అడిగేదాన్ని, నిద్ర పట్టిందా, అన్నం సయించిందా అని.

"అయిపోనాయేటే మనవరాలా? కూకోయే కాసేపు."

"పనుంది తాతా."

"ఏటో నీ పని! అడుగుతావు, గీసుకుంతావు, ఎల్లిపోతావు. పోలీసోడు నయం, టీ తాగి ఎల్తాడు."

నవ్వేసి వచ్చేసేదాన్ని. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని అలల్లోకి తీసుకెళ్ళిన మనిషి ఆయన. అయినా సరే, ఒక్కనాడూ ఆ అరుగు మీద కూర్చోలేదు.

ఆరో వారం, బతకడం దేనికి అనిపించిందా అని అడగాల్సిన చోట అడిగాను. తాత సముద్రం వైపు చూస్తూ, "ఏసీయే మూడు. పైన అంకె లేదా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సారుకి చెప్పాను. "ఆ గుంపులో వేలు పెట్టకమ్మా, తేడా చెడిపోతుంది. రెండు వారాలాగితే వాళ్ళకీ మాటలు మొదలుపెడదాం" అన్నారు. ఆయనకి వచ్చింది పచ్చ చీటీయే సార్ అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అంటే తప్పు నాదని తేలుతుంది. ఉద్యోగానికి సారు ఉత్తరం కావాలి నాకు. నోరు మూసుకున్నాను. పోనీ, రూలు గాలికొదిలేసి ఓ పూట తాత పక్కన కూర్చుంటే ఎవరు చూడొచ్చారు? ఆ బుద్ధీ పుట్టలేదు. సిగ్గులేని దాన్ని.

తర్వాతి వారం నేను ప్రశ్నలు అడిగి వచ్చేశాక, డయాలసిస్ ఆటో వస్తే తాత ఎక్కలేదట. ఆ మర్నాడు బావమరిది కాళ్ళు పట్టుకున్నా కదల్లేదట. నేను ఎనిమిదో వారం కాగితాలు పట్టుకుని వెళ్ళేసరికి తాత పోయి మూడు రోజులైంది. అరుగు మీద బావమరిది ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఆ పచ్చ సీటీ నానడగనేదమ్మా. ఆడే ఇచ్చీసినాడు. నువ్వూ సూసినావు గదా."

ఆ పూటే అరుగు మీద కూర్చున్నాను, మొదటిసారి. ఇంకెందుకు?

నివేదిక అందంగా వచ్చింది. మాటలు విన్న గుంపులో దిగులు తగ్గింది. కింద సన్న అక్షరాల్లో ఒక వరుస: మధ్యలో మానుకున్నవారు, ఒకరు. చీటీలు మారిన సంగతి అందులో లేదు, అది తెలిసిన నేను చెప్పలేదు గనక. సారు ఉత్తరం కూడా ఇచ్చారు, కోరినదానికంటే బాగా. ఈ అమ్మాయి నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తుంది అని రాశారు.

మొన్న క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, కంట్రోల్ గ్రూపువాళ్ళకి ఏం ఇస్తారు?"

"ఏమీ ఇవ్వం. రాసుకో" అన్నాను. రాసుకుంది.