నా ఎడమకాలికి దొరికిన బూటు

ఆ ఆదివారం పొద్దున నా ఎడమకాలు పెడల్ మీది నుంచి జారిపోతుంటే, తప్పు పెడల్‌దే అనుకున్నాను. అంతకుముందు కాస్త తుంపర పడింది. రబ్బరు అరిగిపోయి తడికి జారుతోందనుకుని, మదనపల్లె దాటి పుంగనూరు రోడ్డు మీద అలాగే తొక్కుతూ పోయాను. కాలు పైకి పెట్టడం, అది మళ్ళీ జారడం. ఒకసారి జారి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చినా నాకు తెలియలేదు. చెప్పు ఎక్కడో ఊడిపోయింది. అదీ తెలియలేదు.

ఎప్పుడూ ఆగే టీ కొట్టు దగ్గర సైకిల్ ఆపబోయి పక్కకి ఒరిగిపోయాను. కొట్టు నడిపే గంగమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది.

"టీచరమ్మా, యాడ నీ సెప్పు? ఏందమ్మా, మూతి ఒక పక్కకి పోతాండాది!"

ఏం లేదని చెప్పబోయాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే అర్థం కాలేదు. అప్పుడు భయం వేసింది. మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు దించి ఖాళీగా వస్తున్న టెంపోను గంగమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపి, వెనక్కి తిప్పించింది. నా ఫోన్లోంచే మా ఆయనకు చెప్పి, తనూ ఎక్కి, నా తల తన ఒళ్ళో పెట్టుకుని మదనపల్లెకు తీసుకొచ్చింది.

నా పేరు సుగుణ. పుంగనూరులో ఒక హైస్కూల్లో ఆటల టీచర్ని. మా ఆయన రెడ్డెప్పకు మదనపల్లెలో మోటార్లకు వైండింగ్ చేసే షాపుంది. అప్పటికి నాకు యాభై నిండలేదు. పిల్లలతో పాటు గ్రౌండు చుట్టూ పరిగెత్తే మనిషిని. నాకు జబ్బంటే జలుబే.

ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది ఒకే ప్రశ్న. "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" నేను ఇంట్లోంచి బయల్దేరిన వేళ రెడ్డెప్ప చెప్పాడు. వెంటనే సీటీ స్కాన్ తీశారు. "బ్లీడింగ్ లేదు. ఇది ఇస్కీమిక్ స్ట్రోక్. మెదడుకు పోయే రక్తనాళంలో క్లాట్ అడ్డం పడింది. టైమ్‌కి తెచ్చారు, కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు" అన్నాడు డాక్టర్. బీపీ చాలా ఎక్కువగా ఉంది. నాకు బీపీ ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు.

మాట త్వరగానే తిరిగొచ్చింది. చెయ్యి కొంత ఆలస్యంగా వచ్చింది. కాలు మాత్రం మొండికేసింది. తొడ కదిలేది, మోకాలు ముడుచుకునేది, పాదం మాత్రం తడిబట్టలా వేలాడేది. దాన్ని ఫుట్ డ్రాప్ అంటారట. మడమ నుంచి పిక్క దాకా ఉండే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఇచ్చారు. ఏఎఫ్ఓ అంటారు. అది వేసుకుని, కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇంటి వరండాలో నా సైకిల్ మీద రెడ్డెప్ప దుప్పటి కప్పి ఉంచాడు. నేను దాని వైపు చూడటం గమనించి, "నువ్వు బాగైతే సాలు. సైకిల్ యాడికీ పోదు" అన్నాడు.

పడుకుంటే పాత రోజులే గుర్తుకొచ్చేవి. మా నాన్న సైకిల్‌కు మధ్యలో అడ్డంగా ఇనుప బారు ఉండేది. సీటు అందక ఆ బారు కింద నుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కేదాన్ని. కాళ్ళకు చెప్పులు కూడా ఉండేవి కావు. ఎండాకాలం పెడల్ కాలేది, వానాకాలం ఎర్రమట్టి వేళ్ళ సందుల్లోకి పోయేది. పెడల్ ఎక్కడుందో కళ్ళతో చూడాల్సిన పని లేదు, పాదమే వెతుక్కునేది. ఆ పాదం ఇదేనా అని దుప్పటి తీసి చూసుకునేదాన్ని.

కుప్పంలో ఉండే మా పద్మక్క చూడటానికి వచ్చి, తిరిగి పోతూ నన్ను కూడా తీసుకుపోయింది. "ఈడ మీ ఆయన షాపు సూసుకుంటాడా, నిన్ను సూసుకుంటాడా? మా ఇంటి ఎనకాలే ఆసుపత్రి ఉండాది. దినామూ ఎక్సర్‌సైజు సేపిస్తారు. పద" అంది. రెడ్డెప్ప వారానికోసారి వచ్చేట్టు ఒప్పందం.

అక్కడ ఫిజియోథెరపిస్ట్ షబానా. మా స్కూలు పిల్లలకంటే నాలుగేళ్ళు పెద్దదేమో అనిపించే అమ్మాయి. నా కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, దీనికి తొక్కేది మర్సిపోయింది, అంతే. గుర్తు సేద్దాం" అంది. కదలని సైకిల్ మీద కూర్చోబెట్టింది. కుడికాలు తొక్కుతుంటే ఎడమకాలు రెండు చుట్లు తిరిగి జారి కింద పడేది. చున్నీతో కట్టి చూసింది. మడమ పక్కకి తిరిగిపోయి మోకాలు నొప్పి పుట్టింది. చివరికి పద్మక్కే కింద కూర్చుని రెండు చేతులతో నా పాదాన్ని పెడల్‌కు అదిమి పట్టుకుంది. ఆమె చేతులు నా కాలితో పాటు గుండ్రంగా తిరిగేవి.

"ఇస్కూలుకి పోయేటప్పుడు నేను క్యారియర్ మీద కూసోని నీ కాళ్ళ మీద కాళ్ళేసి తొక్కతాంటి, గ్యాపకం ఉండాదా?" అంది ఒకరోజు.

గుర్తులేకేం! ఎత్తు వచ్చినప్పుడల్లా వెనక నుంచి రెండు పాదాలు వచ్చి నా పాదాల మీద పడేవి. ఇద్దరి బరువుకి చైను కిర్రుమనేది. ఎత్తు ఎక్కాక "నేనే తొక్కినా" అంటే "నేనే తొక్కినా" అని ఇంటి దాకా కొట్లాట. అది చెప్పుకుని ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే పద్మక్క చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె మోకాళ్ళకు కూడా వయసు వచ్చింది. రోజూ అలా నేల మీద కూర్చోలేదని నాకు తెలుసు.

క్లిప్‌లెస్ పెడల్ మాట అప్పుడే వచ్చింది. పేరులో క్లిప్ లేదని ఉన్నా, పని మాత్రం బూటును పెడల్‌కు పట్టి ఉంచడమే. బూటు అడుగున చిన్న ఇనుప ముక్క బిగిస్తారు, దాన్ని క్లీట్ అంటారు. పెడల్ మీద పెట్టి నొక్కితే టక్‌మని పట్టుకుంటుంది. మడమ బయటికి తిప్పితే వదులుతుంది. పందేల్లో తొక్కేవాళ్ళు వాడతారని తెలుసు గానీ, నాలాంటి కాలికి పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

షబానా ఆ మాట అన్న వారమే రెడ్డెప్ప ఫోన్లో చూసి పెడళ్ళూ బూట్లూ తెప్పించేశాడు. తెల్లగా, సన్నగా, చేపపిల్లల్లా ఉన్న బూట్లు. నంబరు నా పాత చెప్పులది. అట్ట పెట్టె ఇస్తూ ఆయన మొహంలో కనిపించిన సంతోషం చూసి, ఎక్కించుకునేటప్పుడే బిగుతుగా ఉన్నాయని చెప్పలేకపోయాను. కాలు పట్టింది కదా అనుకున్నాను. అడుగున క్లీట్ పెద్దదిగా బయటికి పొడుచుకొచ్చి ఉండటంతో బండల మీద నడిస్తే జారేది. పెడల్ మీద మాత్రం కాలు కదల్లేదు. మొదటిసారి ఎడమకాలు తనంతట తాను తిరుగుతున్నట్టు అనిపించింది. ఆ సంబరంలో ఎంతసేపు తొక్కానో.

సాక్సు విప్పింది పద్మక్క. "అయ్యో, నెత్తురమ్మే!" అని కేక పెట్టింది. చిటికెన వేలి పక్కన, మడమ వెనక చర్మం లేచిపోయి ఉంది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

డాక్టర్ కట్టు కడుతూ, "సెన్సేషన్ తక్కువగా ఉన్న కాలమ్మా ఇది. బూటు కరిచినా మీకు చెప్పదు" అన్నాడు. పుండు మానేదాకా సైకిల్ ఆపేయమన్నాడు. కాలికి వాపు ఉండటంతో అది త్వరగా మానలేదు. ఈలోగా పిక్క బిగుసుకుపోయి, నడక కూడా వెనక్కి పోయింది. కిటికీలోంచి గ్రానైట్ లారీలు పోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఇక స్కూలుకి పోలేనేమో, విజిల్ వేరే ఎవరికో ఇచ్చేస్తారేమో అన్న బెంగ ఆ రోజుల్లోనే పట్టుకుంది.

పుండు మానాక, తనకు సెలవున్న రోజు చూసి షబానా నన్నూ పద్మక్కనూ రైల్లో బెంగళూరుకు తీసుకుపోయింది. సాయంత్రం వేళకు అక్కడి సైకిల్ బూట్ల షాపులో ఉండేట్టు బయల్దేరాం. "పొద్దున పాదం సన్నంగా ఉంటాదక్కా. సాయంత్రానికి ఊదతాది. ఊదినప్పుడే కొలత తీయాల" అంది. షాపాయన కన్నడం కలిసిన తెలుగులో, "నిలబడమ్మా. కూసుంటే కాలు అబద్ధం చెప్తుంది" అని నన్ను కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీశాడు. ఎడమ పాదం పెద్దదని అప్పుడు తెలిసింది.

చాలా జతలు వేసి చూశాం. ఒకటి వేళ్ళ దగ్గర నొక్కింది. ఒకటి మడమ దగ్గర లేచింది. నాకు తెలియదు కాబట్టి షబానా వేలు లోపల పెట్టి చూసేది. చివరికి కొండదారుల్లో తొక్కేవాళ్ళు వేసుకునే రకం కుదిరింది. ముందు భాగం వెడల్పు. వేళ్ళు లోపల ఆడుతున్నాయి. అడుగు గట్టిది, పాదం వేలాడనివ్వదు. క్లీట్ అడుగులోపల గుంటలో దాక్కుని ఉంటుంది కాబట్టి మామూలు బూట్లలా నడవొచ్చు. తాళ్ళు కట్టే పని లేదు, బలహీనమైన నా ఎడమచేత్తో కూడా చిన్న బిళ్ళ తిప్పితే బిగుస్తుంది. పెద్ద పాదానికి సరిపోయే జత తీసుకుని, కుడి బూటులో పల్చటి అట్ట వేశాం.

పెడల్ ఒక పక్క పట్టేది, ఇంకో పక్క మామూలుగా ఉండేది ఎంచుకున్నాం. కుడికాలు ఎప్పుడూ ఆ మామూలు పక్క మీదే. బూటును పట్టే స్ప్రింగు బాగా వదులు చేయించాం. క్లీట్ కూడా గట్టిగా లాగితే ఏ వైపుకైనా వదిలే రకం. నా పాదం సహజంగా కొంచెం బయటికి తిరిగి ఉంటుంది. షాపాయన క్లీట్‌ను ఆ వాలుకే బిగించాడు. షబానా ఎదురుగా కూర్చుని నా మోకాలు నిటారుగా పోతోందా లేదా అని చూసి, "ఇప్పుడు సరిగ్గా ఉండాది" అన్నాకే లేచాం.

ఎడమకాలికి పెడల్ తగిలింది తెలియదు నాకు. టక్ అనే శబ్దం వింటేనే పట్టిందని తెలిసేది. రెడ్డెప్ప మదనపల్లె నుంచి తెచ్చిపెట్టిన నా సైకిల్‌ను ఇంట్లో స్టాండు మీద తొక్కేటప్పుడు పద్మక్క మిక్సీ వేస్తే, "అక్కా, ఒక్క నిమిషం ఆపు" అనేదాన్ని.

కొన్ని నెలలకు డాక్టర్ రోడ్డు మీదకి ఒప్పుకున్నాడు. "హెల్మెట్. ఖాళీ రోడ్డు. పక్కన మనిషి. ఈ మూడూ లేకుంటే వద్దు" అన్నాడు. పద్మక్క వీధిలోనే మొదలుపెట్టాను. చివరిదాకా బాగానే పోయి, ఆపేటప్పుడు పాత అలవాటు కొద్దీ ఎడమకాలు కింద పెట్టబోయాను. అది పెడల్‌కే ఉంది. సైకిల్‌తో సహా పడ్డాను. మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది గానీ, పద్మక్క బూట్లు తీసుకుపోయి బీరువా మీద పెట్టేసింది.

"నాకేం కాలేదు కదక్కా" అన్నాను.

"నువ్వు పడింది నువ్వు సూసుకోలా. నేను సూసినా" అంది.

కొన్నాళ్ళు బూట్లు బీరువా మీదే ఉన్నాయి. ఒక పొద్దున కాఫీ తాగుతుంటే ఆమే బూట్లు దించి నా ముందు పెట్టింది. "ఇట్ల ముడుసుకోని కూసుంటే సూడలేకుండా ఉండా. కానీ తొక్కేది తర్వాత. ముందు దిగేది నేర్సుకో" అంది.

అలాగే నేర్చుకున్నాం. ఎడమకాలు పెడల్‌కే ఉంటుంది, ఎప్పుడైనా కుడికాలే నేలకు రావాలి. పద్మక్క కుడిపక్కన నిలబడేది. నేను ఆగేటప్పుడు ఆమె భుజం వైపుకి ఒరగాలి. "నా దిక్కు! నా దిక్కు!" అని అరిచేది. వీధిలో అందరూ మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. భుజం అవసరం లేకుండా కుడికాలు తానే నేలకు వచ్చేదాకా ఆమె వదల్లేదు.

గుడుపల్లె రోడ్డు మీద మొదటిసారి తొక్కిన పొద్దున రెడ్డెప్ప బండి మీద నా వెనకే వచ్చాడు. తడిసిన వేరుశనగ చేల వాసన మొహానికి కొట్టింది. ఎదురుగాలి, చైను చప్పుడు. చిన్నప్పటి లంగా, ఎర్రమట్టి కాళ్ళు, వెనక అరిచే అక్క, ఏదీ ఎక్కడికీ పోలేదనిపించింది. కొంతదూరం పోయి ఆగి, కుడికాలు దించి, అలాగే నిలబడి ఏడ్చాను. రెడ్డెప్ప బండి ఆపి, "నొప్పా?" అన్నాడు. కాదన్నాను. బండికి స్టాండు వేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు మదనపల్లెలోనే ఉన్నాను. బస్సులో పుంగనూరు వెళ్ళి వస్తున్నాను, విజిల్ నా మెడలోనే ఉంది. పరిగెత్తలేను. పిల్లలను పరిగెత్తిస్తాను. అలసిన సాయంత్రాలు కాలు కొంచెం ఈడ్చుకుపోతుంది. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర తప్పకుండా వేసుకుంటాను. ఆదివారాల్లో గుర్రంకొండ వైపు రోడ్డు మీద కొంతదూరం తొక్కుతాను. అక్కడి కోట దాకా ఇంకా పోలేదు. పోయి తీరాలన్న తొందరా లేదు.

నాలాగా మొద్దుబారిన పాదంతో మళ్ళీ సైకిల్ ఎక్కాలనుకునేవాళ్ళకు ఒకే మాట చెబుతాను. తొక్కి వచ్చి బూటు విప్పిన ప్రతిసారీ, వెలుతురులో కూర్చుని పాదం చుట్టూ కళ్ళతో చూడండి. మీకు వంగడం రాకపోతే ఇంట్లో వాళ్ళని చూడమనండి. ఎక్కడైనా ఎర్రబడి, కాసేపటికీ ఆ ఎరుపు పోకపోతే, ఆ బూటు మీది కాదు. అది ఎంత అందంగా ఉన్నా, ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా సరే, ఆ పూటే వాళ్ళకు చెప్పండి.