చిటికెడంటే ఐదు గ్రాములు

పోయిన వారం బ్యాంకాకులో ఒక గంజాయి దుకాణానికి కాటా సరిచూడడానికి వెళ్లాను. డిజిటల్ కాటాలు మరమ్మతు చేసి, తూకం సరిగా ఉందని చీటీ అంటించడం ఇప్పుడు నా ఉద్యోగం. కాటా సిద్ధమయ్యేలోగా గోడమీది నియమాల పట్టిక చదివాను: ఇరవై ఏళ్లు నిండనివారికి అమ్మరు, గర్భిణులకు అమ్మరు, లోపల కాల్చకూడదు, డాక్టరు చీటీ ఉండాలి. కింద బల్లమీద ఒక రిజిస్టరు. ఏ సరుకు, ఎంత బరువు, ఎవరు తెచ్చారు, ఎవరు రాశారు అని నాలుగు గళ్లు. అది రోజూ నింపకపోతే లైసెన్సు పోతుందనీ, చట్టం ఒప్పుకున్న దగ్గర్నుంచీ సరుకు కన్నా కాగితాలతోనే ఎక్కువ పనైపోయిందనీ కొట్టు అమ్మాయి విసుక్కుంది. నేను ఆ గళ్లకేసి చూస్తూ ఉండిపోయాను. సరిగ్గా అలాంటి గళ్లే నేనొకసారి బర్మాలోని యాంగోన్‌లో గీశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఇప్పుడు కూడా ముసలివాణ్నేమీ కాను గానీ, ఆ ఏడు అక్కడ ఉన్న నా ఈడువాళ్లకు వయసు లెక్క వేరు.

మా తాత, చాలామంది యాంగోన్ తెలుగువాళ్లలాగే, బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసిన మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి ఒక చిలుం పీల్చి, ఎవరితోనూ మాట్లాడకుండా నిద్రపోయేవాడట. ఆయన పోయాక మహాలయ అమావాస్య నాడు పెద్దలకు పెట్టే విస్తట్లో ఆయనకు ఇష్టమైనవన్నీ నాయనమ్మ వరసగా పెట్టేది: గుమ్మడికాయ కూర, మినపగారెలు, ఎండు రొయ్యల పులుసు, ఒక చుట్ట, అన్నిటికీ చివర కాగితపు పొట్లంలో చిటికెడు గంజాయి. దాన్ని మా ఇంట్లో ఎవరూ పేరుపెట్టి అనేవారు కాదు, 'తాత సరుకు' అనేవారు. మొక్కడం అయ్యాక విస్తరితో పాటు దాన్నీ నదిలో వదిలేసేవాళ్లం. ఏటా ఆ చిటికెడు సంపాదించి తెచ్చేది నది అవతల తన్లిన్‌లో ఉండే చిన్నాన్న. ఆయన మాత్రం దాని రుచి ఎరగడు. వెల్డింగు పొగకే పొద్దస్తమానం దగ్గేవాడు. నా చేత మొదటిసారి తీగకు టంకం పెట్టించిందీ, నన్ను టెక్నికల్ చదువులో వేయమని నాన్నతో పోట్లాడి మరీ ఒప్పించిందీ ఆయనే.

సైన్యం అధికారం పట్టుకున్న ఏడు అది. తొలి నెలల్లో వీధివీధినా నిరసనగా గిన్నెలు మోగించిన జనం వర్షాలు వచ్చేసరికి తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఇంటర్నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. బస్సులు సగమే తిరిగేవి. మా అత్త లత అనే పేటలో, మేము బోటాటౌంగ్‌లో, చిన్నాన్న నది అవతల. మరిచిపోయిన వస్తువు కోసం ఎవరూ రెండోసారి రోడ్డెక్కే పని పడకూడదని, ఆ అమావాస్యకు నేనొక జాబితా తయారుచేశాను. వరస సంఖ్య, వస్తువు, పరిమాణం, తెచ్చేవారు. అత్త పిల్లలకు తెలుగు మాట్లాడడమే వచ్చు గానీ చదవడం రాదు కనుక బర్మా అక్షరాల్లో రాశాను. మొత్తం పన్నెండు వస్తువులు. ఏడోది తాత సరుకు. జాబితాలో మారుపేరు ఉంటే గందరగోళమని అసలు పేరే వేశాను. పరిమాణం గడిలో చిటికెడు అని రాయడానికి నా చదువు ఒప్పుకోలేదు. ఐదు గ్రాములని వేశాను. ఎప్పుడూ తూచి చూసిన పాపాన పోలేదు, ఊహించి రాసిన అంకె అది.

పెళ్లి సామాను పట్టీలాగుందని నాయనమ్మ నవ్వింది. ఒక్కొక్కటీ చదివించుకుని వింది. ఏడోదాని దగ్గర మాత్రం నవ్వు ఆపేసింది.

"అది రాయకురా. నోటితో అనుకునీదే గానీ రాసీది కాదు."

ఒకటి వదిలేస్తే అది జాబితా ఎలా అవుతుందని నేను వాదించి, మూడు ప్రతులు తీశాను. అప్పట్లో ఆఫీసులో నేను తయారుచేసే ప్రతి కాగితానికీ అడుగున 'తయారుచేసినవారు' అని ఒక గడి ఉండేది, అందులో నా పేరుండేది. ఇది ఇంటి కాగితం కదా అని ఆ గడి పెట్టలేదు.

అమావాస్యకు ముందురోజు సామాను మోయడానికి సాయంగా తన్లిన్ వెళ్లి చిన్నాన్నకని తీసిన ప్రతిని ఆయన చేతికిచ్చాను. ఆయన గుడిబడిలో తెలుగు అక్షరాలు దిద్దిన మనిషే గానీ బర్మా చదవడం రాదు. ఏడో వరసలో ఏముందని అడిగితే చెప్పాను.

"ఓరి ఇంజినీరూ, ఐదు గ్రాములేటిరా? మీ తాత ఏనాడైనా కాటా ఎరుగునా? కల్లోకొచ్చి రసీదడుగుతాడు సూడు."

అని, చదవలేని ఆ కాగితాన్ని నేనిచ్చానని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరం బస్సులో తిరిగి వస్తుంటే వంతెన దగ్గర సైనికులు ఆపి, మగవాళ్లందరినీ దింపి వరసగా నిలబెట్టారు. వాళ్లు వెతుకుతున్నవి ఫోన్లూ, కాగితాలూ. నా దగ్గర గుమ్మడికాయ తప్ప ఏమీ లేదు. చిన్నాన్న జేబులో గళ్లు గీసిన కాగితం చూడగానే, తిరుగుబాటువాళ్లకు సరుకులు చేరవేసే పట్టీ అనుకుని ముగ్గురు పోగయ్యారు. కాగితం చదువుతున్న సిపాయి నాకన్నా చిన్నవాడే. గుమ్మడికాయ, మినప్పప్పు, ఎండు రొయ్యలు అని పైకి చదివేసరికి మిగతావాళ్లు నవ్వారు. నాకు ఊపిరి వచ్చింది. అతను ఏడో వరస దగ్గర ఆగాడు. చిన్నాన్న సంచిలో అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని, తాత చుట్ట పెట్టిన పొగాకు డబ్బా మూత తీయించి, అడుగునున్న పొట్లం బయటికి లాగాడు. దాన్ని అరచేతిలో ఎగరేసి, ఇది ఐదు గ్రాములు లేదు, మిగతాది ఎక్కడ దాచావు ఊలే అని అడిగాడు. ఊలే అంటే మనం బాబాయ్ అన్నట్టు. అంత మర్యాదగా పిలిచి తుపాకీ మడమతో మోకాలి మీద కొట్టాడు. మిగతాది లేదని చిన్నాన్న అన్న ప్రతిసారీ ఒక దెబ్బ పడింది. లెక్కపెట్టే అలవాటున్నవాణ్ని కనుక లెక్కపెట్టాను. ఆ లెక్క ఇక్కడ రాయను.

తర్వాత, ఇది ఎవరు రాశారని అడిగారు. నేనే రాశానన్నాడు చిన్నాన్న, బర్మాలో ఒక్క అక్షరం గీయలేని మనిషి. రాసి చూపించమని అడగాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు. రాసింది నేనని చెప్పబోయాను. ఆయన నావైపు చూడకుండా, బస్సెక్కుతున్నవాళ్లలో ఎవరితోనో అన్నట్టుగా తెలుగులో అన్నాడు.

"నువ్వు నన్నెరగవు. ఎల్లి కూకో."

నేను వెళ్లి కూర్చున్నాను. బస్సు వంతెన దాటింది. గుమ్మడికాయ ఒళ్లోనే ఉంది. మర్నాడు నాయనమ్మ దాన్ని కోసి వండింది. పెద్దలకు పెట్టడం ఆగలేదు, ఏడోది తప్ప అన్నీ విస్తట్లోకి వచ్చాయి. ఆమె నన్ను తిట్టలేదు. విస్తరి ముందు కూర్చుని, తాతతో చెప్పుకుంటున్నట్టుగా ఒక్కటే మాట అంది.

"రాసినోడు ఇంట్లో ఉన్నాడు. రాయనోడిని అట్టుకుపోనారు."

ఆ పొట్లాన్ని ఎవరూ తూచలేదు. కాగితంలో ఐదు ఉంది కనుక కేసులోనూ ఐదే అయింది. చిన్నాన్నకు పదేళ్లు వేశారు. జైలుకు పంపే ప్రతి మూటకూ వస్తువుల పట్టీ బర్మా భాషలో, బరువులతో సహా, జతచేయాలని నియమం. ఎండు చేపలు, టీ పొడి, సబ్బు, దగ్గు మందు. ఇంట్లో అంత శుభ్రంగా రాయగలిగేవాణ్ని నేనే కనుక రెండేళ్లపాటు ఆ పట్టీలన్నీ నేనే రాశాను, వాటికి మాత్రం అడుగున నా పేరు పెట్టి. ఒకసారి మూట విప్పకుండా తిరిగొచ్చింది. పట్టీమీద అందినట్టు ఒక్క టిక్కు కూడా లేదు. మనిషి పోయి అప్పటికే పదకొండు రోజులైందని తర్వాత తెలిసింది. నా ఈడువాళ్లను సైన్యంలోకి పిలవడం మొదలయ్యాక నేను సరిహద్దు దాటేశాను. నిరుడు అమావాస్యకు నాయనమ్మ ఫోన్ చేసి, సిన్నోడికి ఏటిష్టమో నీకు తెలుసును కదా, నోటితో సెప్పు అంది. చెప్పాను. తాత సరుకు మా ఇంట్లో మళ్లీ ఎవరూ తేలేదు.

దుకాణంలో కాటా సరిచూడడం అయ్యాక, చివరి పరీక్షగా ఒక చిటికెడు పెట్టమని అమ్మాయిని అడిగాను. ఎంత అంది. వేళ్లతో పట్టినంత అన్నాను. చిన్నాన్న పొట్లం కట్టేటప్పుడు ఆయన రెండు వేళ్ల మధ్య ఇమిడేంత. ఆమె నవ్వి, సీసా మూత తీసి, పళ్లెంలో వేసింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. ఎనిమిది వందల మిల్లీగ్రాములు. ఒక్క గ్రాము కూడా లేదు.

పరీక్షకు తీసినదైనా రిజిస్టరులో రాయాలట, రాయకపోతే ఇక్కడ నేరమట. వస్తువు రాశాను, బరువు రాశాను. ఈ ఊళ్లో ఇప్పుడు ఏడో వరస దగ్గర ఎవరూ ఆగరు, మిగతాది ఎక్కడని ఎవరూ అడగరు. ఎవరు రాశారన్న గడిలో నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, బర్మా అక్షరాల్లో రాశాను. అది ఏ భాష అని అమ్మాయి అడిగింది. చెప్పి, సంచి సర్దుకుని బయటికొచ్చాను.