తువాలు కింద కుదిరిన ఒప్పందం

2023 మే నెల. ఆదోనిలో నేను పొలిటికల్ సైన్స్ చెప్పే డిగ్రీ కాలేజీలో ఒక యూనివర్సిటీ వాళ్ళు రెండు వారాల సమ్మర్ స్కూల్ పెట్టారు. విషయం గ్లోబల్ గవర్నెన్స్. ప్రపంచానికంతా ఒకే ప్రభుత్వం లేకపోయినా దేశాలు కలిసి తమ వ్యవహారాలు ఎలా నడుపుకుంటాయన్నదే ఆ చదువు. నన్ను కోఆర్డినేటర్ అన్నారు. పేరుకు హోదాయే గానీ, నేను చేసిందంతా వాటర్ క్యాన్లు తెప్పించడం, కరెంటు పోతే జనరేటర్ మనిషిని బతిమాలడం. ఏళ్ళ తరబడి ఇదే పాఠం చెప్పి చెప్పి దేశాల మీదా, వాటి ఒప్పందాల మీదా నాకు పెద్దగా ఆశ మిగల్లేదు. పైగా ఆ ఎండలు.

చివరి రోజు మాక్ నెగోషియేషన్. అంటే విద్యార్థులే దేశాల ప్రతినిధులుగా కూర్చుని, బేరమాడి, ఒప్పందం కుదుర్చుకోవాలి. నేను చూస్తున్న బల్లకు వచ్చిన సమస్య మూడు దేశాల మీదుగా పారే ఒక నది. ఎగువ దేశం సంతోష్, ఆదోని పత్తి వ్యాపారుల పిల్లవాడు. నడిమి దేశం ఈరన్న, ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటివాడు. దిగువ దేశం నాగవేణి, కోసిగి దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ముగ్గురూ సంతకం పెడితేనే సర్టిఫికెట్. అది ఉంటే ఆ యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు దొరకడం సులువు. నాగవేణికి ఆ సీటు కావాలి. మరునాడు వాళ్ళ అమ్మానాన్నలు సుగ్గికి, అంటే ఊరు విడిచి కూలి పనులకు, పోతున్నారు. తమ్ముళ్ళను చూసుకోవాల్సింది ఆమే. కాబట్టి మళ్ళీ వచ్చే వీల్లేదు, నాలుగు గంటల బస్సు వదులుకోవడానికీ లేదు.

పొద్దుటి నుంచి ఎంతకీ తెగలేదు. మధ్యాహ్నం సంతోష్ మెడలోని తువాలు తీసి, తన చేయీ ఈరన్న చేయీ కలిపి కప్పాడు. మా వైపు సంతల్లో పశువుల బేరం ఇలాగే సాగుతుంది. తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. ఇద్దరూ తలూపి నవ్వారు. హాలంతా చప్పట్లు. ఇక ఇంటికి పోవచ్చని నేనూ కొట్టాను.

"అయిపాయె సార్. నీళ్ళు పంచుకున్నాం," అన్నాడు సంతోష్.

నాగవేణి పెన్ను ముట్టలేదు. "నాకెన్ని నీళ్ళన్నా?"

"నీకూ పెట్టినాంలేమ్మా. సంతకం పెట్టు, నీ బస్సు పోతాది."

"ఎన్నో సెప్పు, పెడతా."

"అందరి ముందర సెబితే మళ్ళీ మొదటికొస్తాది."

నేను కల్పించుకున్నాను. "ఇది ఆటే కదా నాగవేణీ. సర్టిఫికెట్ పోగొట్టుకోకు."

"సార్, మా నాయిన ఎద్దులమ్మినప్పుడు దలాలి కొనేటోని చెయ్యి ఒగసారి పట్టుకున్యాడు, మా నాయిన చెయ్యి ఇంగోసారి పట్టుకున్యాడు. రెండు చేతుల్లోనూ ఒగటే రేటు ఉన్నిందో లేదో మా నాయినకు ఇంగా తెలీదు. ఈడ నా చెయ్యన్నా పట్టుకోల్యా."

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది.

యూనివర్సిటీ నుంచి వచ్చిన మేడమ్ మాత్రం చల్లగా చెప్పింది: "దీన్నే వీటో అంటారు. ఒక్కరు కాదన్నా ఒప్పందం లేనట్టే. ఐదింటిలోపు మూడో సంతకం రాకపోతే ఈ బల్లకు సర్టిఫికెట్లు లేవు."

కుర్రాళ్ళిద్దరూ కాగితం పట్టుకుని బైకెక్కారు. నేను తిట్టుకుంటూ స్కూటర్ మీద వెనకే పోయాను. బస్టాండులో కోసిగి బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన నాగవేణి కనబడింది. సంతోష్‌కు కింద నిలబడి గట్టిగా చెప్పక తప్పలేదు.

"పదిలో నీకు ఒగటి పెట్టినాం."

"ఒగటేందిరా?" ఆమె పక్కన కూర్చున్న ముసలమ్మ తగులుకుంది. "నీకెన్ని?"

"నాకు ఐదవ్వా. ఈరన్నకు నాలుగు."

బస్సంతా వాళ్ళ మీద పడింది. నీళ్ళు ఏ నదివో, దేశాలేవో ఎవరూ అడగలేదు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"మూడియ్యి," అంది నాగవేణి.

"నాదాంట్లో ఒగటి తగ్గించుకుంటా. రెండు. అంతకు మించి ఇస్తే మా దేశంలో నన్ను బతకనియ్యరు."

ఆమె కాగితం అందుకుని, కిటికీ చువ్వకు ఆనించి సంతకం పెట్టింది. "తక్కువే అన్నా. ఐనా ఎంతో తెలిసింది గదా," అంది. బస్సు కదిలింది.

ఇప్పుడు ఒప్పందాల పాఠం వచ్చినప్పుడు ఎవరికెంత దక్కిందని తర్వాత అడుగుతాను. లెక్క ఎవరి ముందు చెప్పారని మొదట అడుగుతాను. నాకింత అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది. నాగవేణికి ఎం.ఏ. సీటు వచ్చింది. మొన్న ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మానాన్నలు ఈసారీ సుగ్గికి పోయారట. దినం కూలి ఎంతో, కూలీలను తీసుకుపోయే మేస్త్రీని అడిగి బయలుదేరమని తండ్రికి చెప్పిందట. అడిగితే మేస్త్రీ, "ముందు బండెక్కు, ఆడికి పోయినాక సూద్దాం," అన్నాడట. ఎక్కారట.