పొద్దు బొమ్మ వేసిన మందు పొట్లం

మా మందుల షాపు అప్ప పోయింది. బర్మాలోని యాంగోన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలోని మా వీధి మొదట ఆమె షాపు. మొన్న మంగళవారం దాని తలుపు మూసి ఉంది. నా చేతిలో మోహింగా క్యారేజీ. నా కూతురు ఏడు నెలల తరువాత ఆ చేపల పులుసు, నూడిల్స్ గిన్నె నిండా తిన్నది. ఆ మాట అప్పకు చెప్పాలని, ఆనందం పట్టలేక, ఈ ముసలి కాళ్ళతో పరుగెత్తినంత పని చేశాను. “పొద్దున గుండె ఆగిపోయింది” అన్నాడు పక్క టీ కొట్టతను.

అప్ప అంటే అక్క, అయినా నాకు చుట్టం కాదు. వాళ్ళ అమ్మా, మా అమ్మా శ్రీకాకుళం వైపు ఒకే ఊరివాళ్ళట, అంతే. చదువు రానివాళ్ళ కోసం పొట్లం మీద బొమ్మలు వేసేది. పొడిచే పొద్దు అంటే ఉదయం, ఖాళీ కంచం అంటే పరగడుపున. నాకు చదవడం వచ్చినా బొమ్మలే వేసేది. “నువ్వు సదువుతావు గానీ ఇనవురా” అనేది.

నిజమే, వినలేదు. అమ్మాయికి ఏళ్ళుగా గుండెల్లో మంట, పులితేన్పులు. ఏ డాక్టర్నీ అడగకుండా అప్ప షాపులోనే గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్ళు, కొని వేసేవాణ్ణి. ఒకరోజు నా తెలివి అప్ప దగ్గర చెప్పుకున్నాను.

“గొట్టం దిగటం లేదప్పా. విప్పి, లోపలి పూసలు మెత్తగా నూరి, వేడి టీలో కలిపి ఇస్తన్నాను.”

అప్ప కత్తెర కింద పెట్టింది. “నూరుతున్నావేటి? ఆ పూసలకి పూత ఉంటాదిరా. నూరితే కడుపులో పులుపుకే పాడైపోతాది. అదలాగుంచు, అన్నం దిగుతందా?”

“గంజి దిగుతంది.”

“ఎన్నాళ్ళనించి?”

“రెండు నెల్లుంటాది.”

“అయితే ఇంక ఒక్క గొట్టమూ ఇవ్వను. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళు. లోపల ఏటుందో సూడాల.”

నాకు కోపం వచ్చింది. కోపం కాదు, భయం. పక్క పేట తామ్వే వెళ్ళి వేరే షాపులో అవే కొన్నాను. మూడు వారాలు అప్పకు కనపడకుండా వెనక సందులో తిరిగాను. అమ్మాయి జాకెట్లు వదులైపోయాయి.

ఒక మధ్యాహ్నం అప్ప షాపు మూసి, నొప్పి మోకాళ్ళతో మా మూడో అంతస్తు ఎక్కింది. “నామీద కోపం నాకాడే ఉంచరా. పిల్లకి నీళ్ళయినా దిగుతన్నాయా?” మా ఇద్దరినీ తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

గొంతులోంచి కెమెరా పంపి చూశారు. ఎగదన్నే పులుపుకు అన్నం దిగే నాళం పుండుపడి, మచ్చకట్టి సన్నబడిందట. నేను భయపడిన క్యాన్సర్ కాదు! దాన్ని వెడల్పు చేసి, మందు రాసిచ్చారు. విప్పకూడదు, నమలకూడదు. నీళ్ళతో మింగి అరగంట ఆగి తినాలి. ఎన్నాళ్ళో డాక్టర్లే చెప్పాలి, మన ఇష్టానికి పెంచకూడదు, మానకూడదు. అన్నం దిగకపోయినా, ఒళ్ళు చిక్కినా, విరేచనం నల్లగా వచ్చినా షాపుకి కాదు, ఆసుపత్రికే పొమ్మని అప్ప అందరికీ చెప్పేది. ఇది చదివే మీకూ ఆ మాటే.

ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నేను ఏడుస్తుంటే నవ్వింది. “ఏడుపెందుకురా, పిల్ల మోహింగా తిన్నరోజు నాకో గిన్నె ఎట్టు, సాలు.”

మొన్న మంగళవారం ఆ క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది. క్షమించమని ఆమెను ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు ఉదయం నా కూతురు గొట్టం మింగి, నీళ్ళు తాగి, అరగంట కోసం గడియారం ముందు కూర్చుంది. పొయ్యి మీద పులుసు కుతకుతమంటోంది. ఆమె చేతిలో అప్ప ఇచ్చిన చివరి పొట్లం. వేలి చెమటకు పొద్దు బొమ్మ సగం చెరిగింది. ఖాళీ కంచం మాత్రం అలాగే ఉంది.